బంద్ రోజున తెరుచుకున్న వాల్వు

అది 2010. తెలంగాణ ఉద్యమం ఊపులో ఉన్న కాలం. నేనప్పుడు హైదరాబాద్‌లోని ఒక టీచింగ్ హాస్పిటల్‌లో డి.ఎం. కార్డియాలజీ రెండో సంవత్సరంలో ఉన్నాను. ఎం.బి.బి.ఎస్. చదివి, ఆ తర్వాత జనరల్ మెడిసిన్‌లో ఎం.డి. చేసి, ఆపైన గుండె జబ్బుల కోసమే మరో మూడేళ్లు చదివే కోర్సు అది. చదువు అంటాం గానీ అందులో పుస్తకాల పాలు తక్కువ. వార్డులో రోగి పక్కన నిలబడి, క్యాథ్ ల్యాబ్‌లో గురువు పక్కన నిలబడి నేర్చుకునే విద్య అది. క్యాథ్ ల్యాబ్ అంటే గుండె కోయకుండా, తొడ దగ్గరి రక్తనాళంలోంచి సన్నని గొట్టాలు గుండె దాకా పంపి, ఎక్స్‌రే తెర మీద చూస్తూ వైద్యం చేసే గది.

మా ఇల్లు తార్నాకలో. నాన్నగారు తెనాలి వైపు నుంచి వచ్చి, లాలాపేట్‌లో ఒక మిషన్ స్కూల్లో లెక్కల టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. నేను పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. మా మేడ మీదికెక్కితే యూనివర్సిటీ చెట్లు కనిపిస్తాయి. ఆ ఏడాది చెట్ల మీద తరచుగా పొగ కూడా కనిపించేది. టియర్ గ్యాస్ ఘాటు ఇంట్లోకి వస్తుంటే అమ్మ కిటికీలకు తడి తువ్వాళ్లు వేలాడదీసేది. నాన్నగారు అన్నం కూడా సరిగ్గా తినకుండా టీవీలో వార్తలు చూస్తూ కూర్చునేవారు. ఆయన మనసులో ఏముందో నాకు తెలుసు. ముప్పై ఏళ్లు బతికిన ఊరు, రేపు ఏమంటుందో అన్న బెంగ.

మా యూనిట్ చీఫ్‌ని మేమంతా పెద్దసార్ అనేవాళ్లం. వరంగల్ మనిషి. రామంతాపూర్‌లో ఉండేవారు. వాల్వుల పనిలో ఆయన చేతికి పేరుంది. ముఖ్యంగా బెలూన్ వాల్వొటమీ అనే ప్రొసీజర్‌లో. చిన్నప్పుడు గొంతునొప్పి, కీళ్లనొప్పులతో వచ్చిన జ్వరం కొందరి గుండెను పట్టుకుంటుంది. ఏళ్లు గడిచేసరికి గుండె ఎడమ వైపున్న మైట్రల్ వాల్వు రెక్కలు ఒకదానికొకటి అతుక్కుని, దారి సన్నబడిపోతుంది. రక్తం ముందుకు పోలేక వెనక్కి, ఊపిరితిత్తుల్లోకి ఎగదన్నుతుంది. ఆ సన్నబడిన దారిలోకి చిన్న బెలూన్ పంపి, ఉబ్బించి, అతుక్కున్న రెక్కల్ని విడదీయడమే ఈ చికిత్స.

చెప్పుకోవడానికి తేలిగ్గానే ఉంటుంది. కష్టమంతా సెప్టల్ పంక్చర్‌లో ఉంది. గొట్టం గుండె కుడి వైపుకే చేరుతుంది. ఎడమ వైపుకు పోవాలంటే రెండు పై గదుల మధ్యనున్న పల్చటి గోడను పొడవాటి సూదితో గుచ్చి దాటాలి. కాస్త ముందుకు పోతే బృహద్ధమని, కాస్త వెనక్కి పోతే గుండె వెనక గోడ. ఎటు తప్పినా ప్రాణం మీదికొస్తుంది. అందుకే మా దగ్గర శిక్షణలో ఇది చివరి మెట్టు. అప్పటి దాకా నేను చేసిన కొద్ది పంక్చర్లలోనూ నా మణికట్టు మీద పెద్దసార్ చెయ్యి ఉండేది. ఏది నా బలమో, ఏది ఆయన బలమో నాకే తెలిసేది కాదు.

వారానికోసారి మా యూనిట్ నుంచి ఒకరం యూనివర్సిటీ హెల్త్ సెంటర్‌కి వెళ్లి గుండె రోగుల్ని చూసేవాళ్లం. ఇల్లు దగ్గర కాబట్టి ఆ పని ఎక్కువగా నా వంతుకే వచ్చేది. స్వరూపను మొదటిసారి చూసింది అక్కడే. నల్గొండ జిల్లా అమ్మాయి, లా చదువుతోంది. క్యాంపస్ దీక్షా శిబిరంలో పత్రికా ప్రకటనలు చదివి వినిపించేది ఆమే. ఆరో నెల గర్భిణి. భర్త యాదగిరి చరిత్రలో పరిశోధన చేస్తున్నాడు. ఇద్దరూ అడిక్‌మెట్‌లో ఒక గది తీసుకుని ఉంటున్నారు.

"నిన్న ప్రకటన చదువుకుంట నడుమల ఆగిపోయింది మేడం," అన్నాడు యాదగిరి. "దమ్ము అందుతలేదు. కడుపుతోని ఉన్నప్పుడు గట్లనే అయితదని అందరు అంటున్నరు."

"రాత్రి పడుకోగలుగుతున్నారా?" అని ఆమెనడిగాను.

"పండుకుంటే దమ్మొస్తది. గోడకు ఆనుకొని కూసొనే నిద్ర పోతున్న," అంది స్వరూప, అదేదో మామూలు సంగతన్నట్టు.

ఆమెను ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి స్టెతస్కోపు పెట్టాను. దూరంగా బండరాయి దొర్లుతున్నట్టు సన్నటి గరగర. పుస్తకంలో వంద సార్లు చదివిన శబ్దం. చిన్నప్పుడు కీళ్ల జ్వరం వచ్చిందా అనడిగితే, ఆరో తరగతిలో నెలల తరబడి మోకాళ్లు వాచి బడి మానేశానంది. మర్నాడు మా హాస్పిటల్‌కి రప్పించి ఎకో తీశాను. ఎకో అంటే గుండెకు తీసే స్కానింగ్. వాల్వు దారి పెన్సిల్ పట్టేంత కూడా లేదు. గర్భంతో ఒంట్లో రక్తం పెరుగుతుంది, గుండె వేగం పెరుగుతుంది. ఆ సన్నటి దారి అంత భారాన్ని మోయలేదు. ఆ మాటే చెప్పి, అడ్మిట్ అవ్వమన్నాను.

"ఇప్పుడు కాదు డాక్టర్," అంది. "ఈ టైంల నేను క్యాంపస్ ఇడిచి రాను. గోలీలు రాసియ్యిండ్రి, ఏస్కుంట." ఒక క్షణం ఆగి నా మొహంలోకి చూసింది. "మీది ఆంధ్రనా?"

"పుట్టింది లాలాపేట్‌లో. నాన్నగారిది తెనాలి దగ్గరండి."

"మరి మా రాష్ట్రం మీద మీ మాటేంది?"

యాదగిరి ఇబ్బందిగా ఆమె భుజం తట్టాడు. నాకు కోపం రాలేదు. "రాష్ట్రం గురించి ఎంతసేపైనా మాట్లాడుకుందాం. దానికి ముందు మీకు ఊపిరి ఉండాలి కదా," అన్నాను. ఆమె నవ్వింది. గుండె వేగం తగ్గించే మాత్రలు, ఒంట్లో నీరు తీసే మాత్రలు రాసి, నా ఫోన్ నంబర్ యాదగిరికి ఇచ్చాను. పెద్దసార్‌కు ఎకో చూపిస్తే, "ఈ పిల్లను మనం ఎక్కువ రోజులు ఆపలేం. ఎట్లనన్న ఒప్పించు," అన్నారు.

ఒప్పించేలోపే బంద్ వచ్చింది.

ఆ రోజు పొద్దున్నే తార్నాక చౌరస్తాలో ఒక్క బస్సు లేదు. దుకాణాల షట్టర్లన్నీ దించేసి ఉన్నాయి. నేను ఎలా హాస్పిటల్ చేరాలా అని ఆలోచిస్తుండగా యాదగిరి ఫోన్ చేశాడు. మాట తడబడుతోంది.

"మేడం, స్వరూపకు మస్తు దమ్మొస్తున్నది. దగ్గితే ఎర్రగ నురుగు పడుతున్నది. హెల్త్ సెంటర్‌ల ఉన్నం. డాక్టర్ లేడు. అంబులెన్స్ గేటు దాటి వచ్చేతట్టు లేదు."

ఎర్రటి నురుగు అంటే ఊపిరితిత్తుల్లోకి నీరు వచ్చేసిందన్నమాట. పల్మనరీ ఎడీమా. మనిషి ఒడ్డున కూర్చుని మునిగిపోవడం లాంటిది. నాన్నగారు గుమ్మంలో నిలబడి, "ఈ గొడవలో ఎక్కడికమ్మా?" అన్నారు. ఆ అమ్మాయి సంగతి రెండు ముక్కల్లో చెప్పాను. ఆయన చెప్పులు తొడుక్కుని, "పద, గేటు దాకా నేనూ వస్తా," అన్నారు.

గేటు ముందు ముళ్లకంచె, హెల్మెట్లు పెట్టుకున్న పోలీసులు. నా కార్డు చూసి ఇన్‌స్పెక్టర్ లోపలికి పంపాడు గానీ, "లోపల మా గ్యారంటీ లేదమ్మా," అన్నాడు. నాన్నగారు అక్కడే ఆగిపోయారు. కంచె దాటి కొంత దూరం నడిస్తే రోడ్డుకు అడ్డంగా బండరాళ్లు, కాలుతున్న టైర్లు, పడేసిన ఇనుప బెంచీలు. వాటి వెనక ముఖాలకు రుమాళ్లు కట్టుకున్న కుర్రాళ్లు.

"ఎవరు మేడం మీరు? ఏడికి?"

"స్వరూప గారికి ఒంట్లో బాగాలేదండి. నేను డాక్టర్ని."

"మాట ఆంధ్ర లెక్కున్నది," అన్నాడొకడు.

అంతలో యాదగిరి పరుగెత్తుకుంటూ వచ్చాడు. "స్వరూపను చూసే డాక్టర్‌రా ఆమె! తొవ్వ ఇడువుండ్రి!" ఆ మాటకు కుర్రాళ్లు పక్కకు జరగడమే కాదు, ఇద్దరు నా బ్యాగ్ అందుకుని నాతో పరుగెత్తారు.

స్వరూప మంచం అంచున కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, నోరు తెరిచి గాలి కోసం వెతుక్కుంటోంది. పెదాలు నీలంగా ఉన్నాయి. నర్సు అప్పటికే ఆక్సిజన్ పెట్టింది. నేను నీరు తీసే ఇంజెక్షన్ నరంలోకి ఇచ్చాను. కాస్త తెరిపి వచ్చింది గానీ అది నిలిచే తెరిపి కాదు. హెల్త్ సెంటర్‌కు ఒక పాత వ్యాను ఉంది. పడుకోబెడితే ఆమె బతకదు. కాబట్టి కుర్చీలో కూర్చోబెట్టి, ఆ కుర్చీతో సహా నలుగురు కుర్రాళ్లు ఎత్తి వ్యానులో పెట్టారు.

బయట నినాదాలు హోరెత్తుతున్నాయి. యాదగిరి వ్యాను మెట్టు మీద నిలబడి, గొంతు చించుకుని, "అన్నా, స్వరూపను దవాఖానకు తీస్కపోతున్నం!" అని అరిచాడు. నినాదాలు ఆగిపోయాయి. పొద్దుటి నుంచీ రాళ్లు పేర్చిన కుర్రాళ్లే వాటిని చేతులతో దొర్లించి పక్కకు నెట్టారు. మండుతున్న టైర్లను కర్రలతో ఈడ్చారు. అవతల ఇన్‌స్పెక్టర్ చెయ్యి ఊపగానే కానిస్టేబుళ్లు కంచె లాగేశారు. ఒక పోలీసు జీపు మా ముందు నడిచింది. గేటు పక్కన నాన్నగారు ఇంకా నిలబడే ఉన్నారు. వ్యాను దాటుతుంటే చెయ్యెత్తారు. ఆ ఉదయం ఆ రోడ్డు మీద కదిలిన బండి మాదొక్కటే.

హాస్పిటల్‌లో పెద్దసార్ ఉన్నారు. రామంతాపూర్ నుంచి నడిచి వచ్చారట. దారిలో పేర్చిన రాళ్లు దాటుతుంటే కాలు జారి కుడి మణికట్టు మీద పడ్డారు. చెయ్యి గుమ్మడిపండులా వాచి, కట్టు కట్టి ఉంది. వాల్వు పని తెలిసిన మిగతా ఇద్దరు డాక్టర్లూ ఊరి అవతలి వైపు చిక్కుకుపోయారు. మేం మందులన్నీ వాడి చూశాం. స్వరూప ఆక్సిజన్ తగ్గుతూనే ఉంది. కడుపులో బిడ్డ గుండె కూడా తొట్రుపడుతోందని గైనకాలజీ డాక్టరమ్మ చెప్పింది.

పెద్దసార్ నన్ను పక్కకు పిలిచారు. "రూత్, ఇయ్యాల నా చెయ్యి పనికి రాదు. సూది నువ్వు పట్టు. నేను నీ పక్కనే నిలబడుత."

"సార్, నేనింతవరకు ఒక్కదాన్నే..."

"నాకు తెలుసు. సాయంత్రం దాక ఆగితే ఆమె ఆగుతదా?"

ఆగదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

స్వరూప దగ్గరికి వెళ్లి ఏం చేయబోతున్నామో చెప్పాను. ప్రమాదాలు చెప్పాను. బిడ్డకు ఎక్స్‌రే తగలకుండా పొట్ట చుట్టూ సీసపు రేకుల దుప్పట్లు కడతామని చెప్పాను. యాదగిరి అడిగాడు: "ఎవరు చేస్తరు మేడం?"

"నేను చేస్తాను. సార్ పక్కనుండి చెప్తారు. గోడను గుచ్చే పని ఇంతకు ముందు సార్ చెయ్యి లేకుండా నేను చేయలేదు. ఆ మాట మీకు తెలియాలి."

యాదగిరి భార్య వైపు చూశాడు. ఆమెకు మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకోవాల్సి వస్తోంది. "గేటు దాటి... వచ్చినవ్ గదా," అంది నాతో. అప్పటిదాకా మీరు అన్న మనిషి నన్ను నువ్వు అంది. "నువ్వే... చెయ్యి."

టేబుల్ మీద వీపు వెనక దిండ్లు ఎత్తుగా పేర్చి ఆమెను వాల్చాం. మత్తు డాక్టరు తల దగ్గర నిలబడ్డాడు. ఎకోలో గుండె గదిలో రక్తపు గడ్డలేవీ లేవని మరోసారి చూసుకున్నాం. తొడ దగ్గర తిమ్మిరి ఇంజెక్షన్ ఇచ్చి, గొట్టం పైకి పంపాను. లోపల సూది పెట్టి, నెమ్మదిగా కిందికి జార్చడం మొదలుపెట్టాను. గోడలోని పల్చటి చోటు దొరికినప్పుడు గొట్టం కొన చిన్నగా లోపలికి కుదుపుతుంది. ఆ కుదుపు కోసమే చూడాలి.

అది రాలేదు. గొట్టం జారిపోయింది.

నా వీపు మీద చెమట. మళ్లీ మొదటికొచ్చి, వైరు పెట్టి, గొట్టాన్ని పైకి తీసుకుపోవాలి. "తొందర ఆమెది, నీది గాదు," అన్నారు పెద్దసార్ మెల్లగా, నా చెవి పక్కన. "మళ్ల మొదలువెట్టు. నిన్ను ఎవరు ఉరుకమంటలేరు."

రెండోసారి కిందికి జారుస్తుంటే కుదుపు తెలిసింది. కళ్లకు కాదు, ముందు వేళ్లకు తెలిసింది. గొట్టం కొన గోడకు ఆని, ఆమె గుండె కొట్టుకుంటుంటే దాంతో పాటు కదులుతోంది. తెర మీద చూశాను, పక్క నుంచి చూశాను, ఎకోలో చూశాను. మూడూ ఒకే మాట చెబుతున్నాయి. పెద్దసార్ వైపు చూశాను. ఆయన తల ఊపారు. సూదిని ముందుకు నెట్టాను. పొంగిన పూరీని వేలితో నొక్కితే తెగినట్టు, ఒక చిన్న తెగుడు. మానిటర్ మీద ప్రెషర్ గీత ఒక్కసారిగా పైకి లేచింది. ఎడమ గది ప్రెషర్ అది. ఉండాల్సిన దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అంత భారంతో ఆమె ప్రకటనలు చదివింది!

"ఉన్నవ్ లోపల," అన్నారు పెద్దసార్.

ఆ తర్వాత పని నాకు బాగా తెలిసిందే. బెలూన్‌ను వాల్వు దాటించి ఉబ్బించాం. తెర మీద బెలూన్ నడుము నొక్కుకుపోయి కనిపించింది. ఇరుకు వాల్వు దాన్ని పట్టుకుని ఉందన్నమాట. మరుక్షణం ఆ నొక్కు మాయమై, బెలూన్ నిండుగా విచ్చుకుంది. వెంటనే దించేశాం. ప్రెషర్ గీత కిందికి దిగడం మొదలుపెట్టింది. అది దిగుతుంటే మేమంతా చూస్తూ ఉండిపోయాం. ఎకోలో వాల్వు రెక్కలు రెండూ తలుపుల్లా తెరుచుకుని మూసుకుంటున్నాయి. లీకు లేదు. గైనకాలజీ డాక్టరమ్మ పొట్ట మీద యంత్రం పెట్టి విని, "బేబీ ఫైన్!" అని కేక పెట్టింది.

నేను గొట్టాలు బయటికి తీస్తుండగా స్వరూప గొంతు వినిపించింది. "డాక్టర్, ఈ దిండ్లు తీసెయ్యి జర. సక్కగ పండుకుంట."

నర్సు ఒక్కొక్క దిండే లాగేసింది. స్వరూప వెల్లకిలా చదునుగా పడుకుంది. ఊపిరి నిండుగా తీసుకుని వదిలింది. గొట్టం తీసిన చోట నొక్కి పట్టుకున్న నా చెయ్యి ఇంకా తీయకముందే గాఢంగా నిద్రపోయింది, చిన్నగా గురక కూడా పెడుతూ. క్యాథ్ ల్యాబ్‌లో అందరూ చప్పట్లు కొట్టబోయి, ఆమె లేస్తుందేమోనని ఆగిపోయారు. ఆ కొట్టని చప్పట్లు నా జీవితంలో నేను అందుకున్న పెద్ద సన్మానం.

బయట యాదగిరితో పాటు క్యాంపస్ నుంచి మరో గుంపు వచ్చి ఉంది, అవసరమైతే రక్తం ఇవ్వడానికి. పొద్దున నా మాట ఆంధ్ర లెక్కుందన్న కుర్రాడు అందరికంటే ముందు చొక్కా చెయ్యి మడిచి నిలబడ్డాడు. రక్తం అవసరం పడలేదని చెబితే అతను యాదగిరిని కావలించుకుని ఏడ్చేశాడు.

మర్నాడు వార్డులో స్వరూప నన్ను చూడగానే, "ఇప్పుడైతే ఊపిరున్నది. చెప్పు మరి," అంది.

ఉన్న మాట చెప్పాను. "మా ఇంట్లో భయంగా ఉంది స్వరూపా. రేపు ఇది మీ ఊరు కాదు పొమ్మంటారేమోనని, లాలాపేట్ స్కూల్లో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన నాన్నగారికి దిగులు."

ఆమె మంచం మీద లేచి కూర్చుంది. "మీ నాయిన లాలాపేట్ల ముప్పై ఏండ్లు పిల్లలకు లెక్కలు చెప్పిండు. గాయన్ని పొమ్మనేటోడు ఎవడు? మా కొట్లాట మా హక్కు కోసం. మీ ఇంటి మీద గాదు. ఆయన్ని నా దగ్గరికి తోల్కరా, నేనే చెప్త."

తోలుకొచ్చాను. నాన్నగారు బత్తాయిలు పట్టుకుని వచ్చారు. ఇద్దరూ గంటసేపు వాదించుకున్నారు. నీళ్లు, ఉద్యోగాలు, ఎవరు స్థానికులో తేల్చే ముల్కీ నిబంధనలు, అన్నీ వచ్చాయి. ఎవరూ ఎవరికీ ఒప్పుకోలేదు. కానీ ఇంటికి వచ్చాక నాన్నగారు చాలా కాలం తర్వాత టీవీ కట్టేసి, అన్నం ఇష్టంగా తిన్నారు. నెలలు నిండాక స్వరూపకు మా హాస్పిటల్‌లోనే మామూలు కాన్పులో ఆడపిల్ల పుట్టింది. ఏడుపు వార్డంతా వినపడింది. స్వరూప ఇప్పుడు కోర్టులో గొంతు ఎత్తితే ఎదుటి వకీలు తడుముకుంటాడని యాదగిరి చెబుతుంటాడు.

ఆ కేసు తర్వాత క్యాంపస్ క్లినిక్‌కి విద్యార్థులు వరస కట్టారు. స్వరూప సంగతి విని, తమకూ ఆయాసం వస్తోందని, చిన్నప్పుడు తమకూ కీళ్ల జ్వరం వచ్చిందని చెప్పుకుంటూ వచ్చారు. వాళ్లలో కొందరికి నిజంగానే వాల్వు జబ్బు దొరికింది, ముదరకముందే. చెవికి స్టెతస్కోపు పెట్టి ఓపిగ్గా వినడమే సగం కార్డియాలజీ అని నాకు ఆ క్లినిక్కే నేర్పింది.

మిగతా సగం పెద్దసార్ నేర్పారు. ఆయన రిటైరయ్యే రోజున వీడ్కోలు సభ అయ్యాక టీ తాగుతూ అడిగాను: "సార్, ఆ రోజు మొదటిసారి సూది జారిపోయినప్పుడు మీకేమనిపించింది?"

ఆయన నవ్వారు. "ఏమనిపిస్తది? గుంజుకుని నేనే చేద్దామనిపించింది. కుడి చెయ్యి వాచినా ఎడమ చెయ్యి మంచిగనే ఉన్నది గదా. దాన్ని ఏప్రాన్ వెనకకు పెట్టి, బెల్టుల ఇరికించుకున్న. లేకుంటే అది ఆగేటట్టు లేకుండె."

ఇప్పుడు నేను నేర్పుతున్నాను. నా పక్కన నిలబడిన అమ్మాయో అబ్బాయో మొదటిసారి సొంతంగా సూది పట్టి, అది జారి, బెదురు కళ్లతో నా వైపు చూసినప్పుడు నా చేతులు వాటంతటవే ముందుకు లేస్తాయి. వాటిని వెనక్కి తీసుకుని, ఒకదాన్ని ఒకటి గట్టిగా పట్టుకుని, "మళ్లీ మొదలుపెట్టు," అంటాను. సూదితో గోడ దాటడం నాకు ఒక్క రోజులో పట్టుబడింది. చేతులు వెనక్కి పెట్టుకోవడం ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాను.